పోతు తిరిగిన ఊళ్లు

నీళ్లు ముందుగా పారబోసింది భీమమ్మే.

శనివారం సంత ముగిసి, పేడా గడ్డిపోచలూ మాత్రమే మిగిలిన పెబ్బేరు మైదానంలో, ఆదివారం పొద్దున రేకుల షెడ్డు కింద తొమ్మిది ఊళ్ల పందుల పెంపకందార్లు గుండ్రంగా కూర్చున్నారు. ఊరికొక ఇల్లు, ఇంటికొక మనిషి, మనిషి ముందొక నీళ్ల చెంబు. తప్పు రుజువైందని ఒప్పుకున్న ఇల్లు తన చెంబును నేలమీద ఒంపాలి. నేరం మోపిన ఇల్లు అందరికంటే ముందు ఒంపాలి. ఒంపినవాళ్లందరూ మళ్లీ అదే చోట కూడి సరేనంటే తప్ప ఆ తీర్పు మారదు. మరిది కురుమయ్య మీద నేరం మోపింది భీమమ్మ కాబట్టి మొదటి చెంబు ఆమెదే అయింది. ఆ చెంబును ఆమె కోపంతోనే ఎత్తింది. 

కోపం రాక ఏం చేస్తుంది! వానలు మొదలైనప్పటినుంచీ వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ చుట్టుపట్ల సూడిపందులు నెలలు నిండకుండానే పిల్లలను పారేస్తున్నాయి. కులపెద్ద రామచంద్రయ్య ఒక్కొక్కరినీ లేపి ఎప్పుడు పోయాయో, ఎన్ని పోయాయో చెప్పించాడు. రాజోలి నుంచి వచ్చిన జోసెఫ్, వినాయక చవితికి వారం ముందు తన తెల్లపంది పదకొండింటిని పారేసిందని చెప్పాడు. ఒక్కదానికీ వెంట్రుక కూడా మొలవలేదట. అయిజ ఆయన రెండు పందులు పోయాయన్నాడు. కొల్లాపూర్ ఆమె తారీఖు చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుంది.

అందరూ చెబుతున్నంతసేపూ కురుమయ్య తల వంచుకుని, వేళ్లు ముడుస్తూ విప్పుతూ కూర్చున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, బడిలో లెక్క రాని పిల్లాడిలా పెదాలు కదుపుకుంటున్నాడు. ఒకసారి మాత్రం తలెత్తి వదిన మొహంలోకి చూశాడు. భీమమ్మ చూపు తిప్పుకోలేదు. అతనే తిప్పుకున్నాడు.

“రాయచూరు దిక్కుకెల్లి నాలుగు పందిపిల్లలు తెచ్చినవా లేదా?” రామచంద్రయ్య అడిగాడు.

“తెచ్చిన.”

“ఎప్పుడు?”

“మిరుగు కార్తె పోయినంక.”

“ఎవర్నన్న అడిగినవా?”

కురుమయ్య మళ్లీ వేళ్లు ముడిచాడు. భీమమ్మ ఆగలేకపోయింది.

“అడగలే మామా. నాకే చెప్పలే! నేను కాపురానికొచ్చిననాడు వీనికి ఏడేండ్లు. నా చేతుల కూడు తిని పెరిగినోడు. బయటి పందులు తెచ్చి నెలదినాలు నా కండ్ల పడకుండ దాచిండు. అప్పటిసంది ఏ ఇంట్ల పంది మంచిగ ఈనింది, చెప్పుండ్రి. నా దొడ్లనే మూడు పోయినయి. వీడు తెచ్చిన రోగం కాకుంటే ఆకాశంలకెల్లి ఊడిపడ్డదా?”

“ఏమంటవ్ రా?” అన్నాడు రామచంద్రయ్య.

“ఏమనను,” అన్నాడు కురుమయ్య. “మీరు ఏం చెప్తే అది.”

తప్పు చేసినవాడే అంత తొందరగా లొంగిపోతాడని భీమమ్మ అనుకుంది. ఆ మాట పక్కనున్న ఆడవాళ్లతో పైకే అంది కూడా. చెంబు ఒంపింది. ఆమె తర్వాత మిగిలిన ఇళ్లు ఒంపాయి. మూడేళ్లు కురుమయ్యకు పోతు బందు. అతని ఆడపందులను ఎవరి మగపందీ దాటకూడదు, అతని దొడ్డి పిల్లను ఎవరూ తీసుకోకూడదు. వినడానికి చిన్న శిక్షే. కానీ పోతు లేని దొడ్డిలో ఈత ఉండదు, ఈత లేనివాడికి తెల్లారితే పందుల పనే ఉండదు. ఆ మాట అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

లేచి వెళ్లిపోతుంటే కురుమయ్య భార్య ఈదమ్మ వెనక నుంచి పిలిచింది. “అక్కా, నువ్వుగూడనా?”

భీమమ్మ వెనక్కి తిరగలేదు. తిరగనందుకు ఆ రోజంతా తనను తాను మెచ్చుకుంది.

* * *

వనపర్తి ఊరి చివర భీమమ్మ దొడ్డి. తొమ్మిది ఆడపందులు, వాటికి చివరగా కటకటాల వెనక పోతు. నల్లగా, మనిషి నడుమెత్తున ఉంటుంది. మొగుడు పోయిన ఈ ఎనిమిదేళ్లలో ఆమెకు కూడు పెట్టింది పోతులే, ఇది రెండోది. తొమ్మిది ఊళ్లలో ఎవరి పంది ఎదకొచ్చినా ఆమెకు ఫోను వస్తుంది. బాలకృష్ణ అనే ఆయన తన ట్రాలీ ఆటోలో పోతును ఎక్కించుకుపోయి దించుతాడు, మూడో రోజు వెనక్కి తెస్తాడు. పంది ఈనాక ఒక పిల్ల భీమమ్మది. ఆమెకు అక్షరాలు రావు కాబట్టి పోతు వెళ్లిన రోజు గోడ మీద బొగ్గుతో గీత గీసి, పక్కన ఊరి గుర్తు వేస్తుంది. గద్వాలకు కోట, రాజోలికి ఏరు, కొల్లాపూర్‌కు సోమశిల పడవ.

మంగళవారం పొద్దున ఆమె హోటళ్ల నుంచి తెచ్చిన కూడును తొట్టిలోకి వంపి, మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతోంది. పళ్లు కుట్టుకునే పుల్లలు, ప్లాస్టిక్ చెంచాలు, పిండేసిన నిమ్మచెక్కలు ఏరి పక్కన పడెయ్యాలి. ఒక్క పుల్ల గొంతులో దిగబడ్డా పంది దక్కదు. ఆ పనిలో ఉండగానే మానస వచ్చింది.

మానస పశువైద్యం చదివిన పిల్ల. పందుల్లో తిరిగే వైరస్‌లు ఎన్ని రకాలో తేల్చే పరిశోధనకని ఉగాది తర్వాత నుంచి నెలనెలా హైదరాబాదు నుంచి వచ్చి, తొమ్మిది ఊళ్లూ తిరిగి, దూది పుల్లలతో పందుల ముక్కుల్లో నమూనాలు తీసుకుని మంచుపెట్టెలో పట్టుకుపోతుంది. మొదట్లో పందిని చూసి భయపడి గోడెక్కేది. చెవి ఎక్కడ పట్టాలో, మోకాలు ఎక్కడ ఆనించాలో నేర్పింది భీమమ్మే. అందుకే చనువుగా ఒక పని అప్పజెప్పింది ఆమెకు. ఇది రాయచూరు పందుల రోగమేనని కాయితం మీద రాసియ్యమంది. కురుమయ్య నోరు మళ్లీ లేవకుండా ఆ కాయితం రామచంద్రయ్య చేతిలో పెట్టాలని ఆమె ఆలోచన.

“తెచ్చినవా బిడ్డా కాయితం?”

“తెచ్చిన పెద్దమ్మా. నువ్వు జర కూసో.”

“కూసునుడెందుకు? చేతులకు కూడున్నది. చెప్పు.”

మానస గట్టు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. అందులో ఒక బొమ్మ. ఒక కొమ్మ, దానికి రెమ్మలు, రెమ్మలకు ఇంకా సన్న రెమ్మలు. ప్రతి రెమ్మ చివరా ఏదో నంబరు.

“మీ పందులల్ల నాకు ఏడు రకాల వైరస్‌లు దొరికినయి. శానా వరకు ఏం చెయ్యవు, ఊరికే ఉంటయి. కడుపులు పోగొట్టేది ఒక్కటే. అది కూడ అన్ని పందులల్ల ఒక్క తీరుగ లేదు. ఒక పందికెల్లి ఇంకో పందికి పోయినప్పుడల్లా దాంట్ల ఏడనో ఒకకాడ చిన్న మార్పు వస్తది. పాత మార్పు పోదు. దాని మీద కొత్తది చేరుతది. అవన్నీ వరుసగ చూస్తే ఎవరికెల్లి ఎవరికి పోయిందో తెలుస్తది.”

భీమమ్మ చెయ్యి తొట్టిలోనే ఆగింది. “చెవి కోతల లెక్కనా?”

మానసకు అర్థం కాలేదు. భీమమ్మ ఒక ఆడపంది చెవి పట్టి చూపించింది. వాళ్లలో ఇంటికొక చెవి కోత ఉంటుంది. అమ్మినా, పాలుకిచ్చినా, తీసుకున్న ఇల్లు పాత కోతను అట్లాగే ఉంచి పక్కన తన కోత పెడుతుంది. మూడు ఇళ్లు మారిన పందికి మూడు కోతలు. తెలిసినవాళ్లు వేలితో తడిమి అది ఎక్కడ పుట్టిందో, ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పేస్తారు.

“అట్లనే పెద్దమ్మా,” అంది మానస. “అచ్చం అట్లనే.”

“మరింకేం! ఇంత సులువు ముచ్చటకు అంత పెద్ద చదువెందుకే? చెప్పు, కురుమయ్య తెచ్చిన రాయచూరు కోత ఎవరెవరి పందుల మీదున్నది?”

“ఎవరి మీద లేదు.”

“సక్కగ చూడు.”

“మూడుసార్లు చూసిన. ఆ రాయచూరు పిల్లలల్ల ఉన్నది వేరే తెగ. దాంతోటి జర దగ్గొచ్చింది, అంతే. అది ఆయన దొడ్డి దాటి బయటికే పోలే.”

భీమమ్మ చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. “అట్లయితే మొదటి కోత ఎవరిది?”

మానస తల తిప్పి కటకటాల వైపు చూసింది. పోతు వీపు గోడకేసి రుద్దుకుంటోంది.

“ఉగాది తర్వాత నేను తొలిసారి వచ్చినప్పుడు నీ పోతు నమూనా తీసుకున్న గద. దాంట్ల ఉన్నదే అన్నిటికన్న పాతది. తక్కిన ఊళ్లల్ల దొరికినవన్నీ దాంట్లకెల్లి చీలినవే. నీ గోడ మీది గీతలు నేను ఫోటో తీసుకున్న చూడు, వాటితోటి గూడ కలిపి చూసిన. పోతు పోయిన వరుసలనే రెమ్మలు చీలినయి.”

“దానికి ఒక్క పొద్దు జ్వరం రాలే!” భీమమ్మ గొంతు పెరిగింది. “గంపెడు తవుడు పెడితే గంపెడు తింటది. ఏం మాట్లాడుతున్నవే? రోగమున్నది గట్ల తింటదా?”

“దానికేం కాదు పెద్దమ్మా. అది దాటిన పందికి పోతది. కడుపుల పిల్లలు పోతయి. ఇది ఆయనతోటో నీతోటో వచ్చిన తప్పు కాదు. దీనికెక్కడ అంటిందో నాకు గూడ తెల్వదు.”

“మందు?”

“లేదు. మొన్న తీసిన నమూనాల గూడ ఉన్నది. ఎప్పటికి పోతదో చెప్పలేను. దాన్ని మాత్రం ఇంక ఎవరింటికీ పంపొద్దు.”

భీమమ్మ ఇప్పుడు కూర్చుంది. ఆకలేసిన పందులు తొట్టికేసి మూతులు కొడుతున్నా పట్టించుకోలేదు. మానస ఆమెను ఓదార్చాలని, తన పరిశోధన పత్రంలో ఎవరి పేరూ ఉండదని, అన్నీ నంబర్లేనని, భయపడొద్దని చెప్పింది.

“మా కురుమయ్యకు నంబరు లేదు గద బిడ్డా,” అంది భీమమ్మ. “పేరుతోటే పిలిచిరి అందరు.”

మానస వెళ్లిపోయాక కురుమయ్యకు ఫోను చేసింది. ఎత్తలేదు. ఈదమ్మకు చేసింది. ఈదమ్మ ఎత్తి, గొంతు విని పెట్టేసింది. ఆదివారం మైదానంలో తను అన్న ప్రతి మాటా భీమమ్మకు గుర్తుకొచ్చింది. ఏ ఒక్కటీ తక్కువగా అనలేదు. 

* * *

బుధవారం మొదటి బస్సుకే నాగర్‌కర్నూల్ వెళ్లింది. రామచంద్రయ్య ఇంటి ముందు గొంతుక్కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. కత్తిని బద్దలోకి దించి, మణికట్టు తిప్పి, సర్రున కింది దాకా లాగుతున్నాడు. డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డా ఆ చేతికి అలుపు లేదు. భీమమ్మ చెప్పిందంతా విన్నాడు. వింటున్నంతసేపూ పని ఆపలేదు.

“ఇంకెవరికన్న చెప్పినవా?”

“లేదు మామా. తీర్పు చెప్పినోనివి, నీకే ముందు చెప్పాలెనని వచ్చిన.”

“మంచి పని చేసినవ్. గీడనే మర్చిపో.”

భీమమ్మ తాను సరిగ్గా వినలేదేమో అనుకుంది. “మామా, తప్పు మనదైంది. మల్ల అందరిని పెబ్బేరుకు పిలువు. నేనే లేచి చెప్త, నా పోతుదని. శిక్ష నాకెయ్యుండ్రి. కురుమయ్య మీదున్నది తియ్యుండ్రి.”

“పిలిస్తే వస్తరా కోడలా? వచ్చి ఏమని ఒప్పుకుంటరు? మా పందుల మీదికి మేమే దాన్ని తోల్కొచ్చుకున్నమనా?” రామచంద్రయ్య ఒక బద్ద ముగించి ఇంకొకటి తీశాడు. “ఇయ్యాల ప్రతి ఇంట్ల కడుపు మండుతున్నది. దానికి ఒక మనిషి దొరికిండు. ఆ మనిషి గూడ ఒక్క మాట అనకుంట నెత్తికెత్తుకున్నడు. ఇప్పుడు వాడు కాదు, మన తొమ్మిదిళ్ల పద్ధతే తప్పు అంటే ఎవడు వింటడు? ఇది బయటపడితే సర్కారోళ్లు వచ్చి దొడ్లకు దొడ్లు పాతిపెడ్తరు. బేరగాళ్లు మన పంది మొఖం చూడరు. ఒక్కని కోసం తొమ్మిదిళ్లు ముంచుమంటవా?”

“వాడు చెయ్యలే గద!”

“చెయ్యలే. అయితే?”

 మెడ మీద తల ఉన్న మనిషి అట్లా అడుగుతాడని ఆమె ఊహించలేదు. రామచంద్రయ్య చెడ్డవాడైతే తిట్టి వచ్చేది. ఆమె మొగుడు చచ్చిననాడు పాడె కట్టింది ఇతనే, మొదటి పోతును ఇప్పించింది ఇతనే.

“కురుమయ్యకు గూడ లేటైంది,” అన్నాడతను. “రేపు బేస్తవారం కర్నూలు బండి వస్తదట వాని దొడ్డికి. మొత్తం అమ్ముకుంటున్నడు. ఇంక పోతుతోటి వానికేం పని?” కత్తి పక్కన పెట్టి, ఇంటి పక్క దొడ్డి వైపు గడ్డం ఊపాడు. “రెండు మూడు దినాలల్ల మా నల్లది ఎదకొస్తది. పోతును పంపు.”

“తెలిసి తెలిసి పంపాల్నా?”

“మా దొడ్లకు వచ్చేదేదో వచ్చింది. ఇంక కొత్తగ వచ్చేదేమున్నది. నువ్వు పంపుడు బందు చేస్తే అందరు ఎందుకని అడుగుతరు. ఎప్పటి తీరుగ పంపు, ఎప్పటి తీరుగ ఉండు.” భీమమ్మ లేచి నిలబడితే, అతనూ లేచాడు. గొంతు మెత్తగానే ఉంది. “పంపవా? ఏం ఫికర్ లేదు. నేనే మనుషులను పంపి తోల్కొస్త. పోతు పేరుకు నీది. అది కులానిది, తెల్వదా నీకు?”

తెలుసు ఆమెకు. పోతును దాచుకునే హక్కు ఏ ఇంటికీ లేదు. అడిగిన ఇంటికి ఇయ్యాల్సిందే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని భీమమ్మ ఇంటిదాకా ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించింది. బతికున్నంతకాలం అది ఊళ్లు తిరుగుతూనే ఉంటుంది.

* * *

గురువారం తెల్లవారగానే బాలకృష్ణ ట్రాలీ ఆటో తెచ్చి దొడ్డి ముందు ఆపాడు. ఎప్పటిలాగే వెనక పలక దించి, కింద గడ్డి పరిచాడు.

“ఏ ఊరికి ఇయ్యాల?”

“ఏ ఊరికీ కాదు. గడ్డపార తెచ్చినవా?”

అతను ఆమె మొహం చూసి గడ్డపార దించాడు. దొడ్డి వెనక మొరంనేల. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు దిగి తవ్వారు. నడుము లోతు వచ్చేసరికి బాలకృష్ణ బనియను వీపుకు అంటుకుపోయింది. భీమమ్మ అరచేతిలో బొబ్బ పగిలింది. సున్నం బస్తా గుంత అంచున పెట్టింది.

“భీమమ్మా, కోసి అమ్మినా ఇంత వస్తది. మల్లొక పిల్లను కొనుక్కుందువు.”

“దీని మాంసం గూడ ఇంకొక ఇంటికి పోవద్దు.”

పోతుకు తవుడులో బెల్లం కలిపి పెట్టింది. అది తొట్టిలో మూతి పెట్టి గుర్రుగుర్రుమంటూ తిన్నది. తింటుండగా చెవి వెనక గోకితే ఎప్పటిలాగే ముందు కాళ్లు వంచి పక్కకు ఒరిగింది. ఆ అలవాటు దానికి పిల్లప్పటినుంచీ ఉంది. బాలకృష్ణ నాలుగు కాళ్లకూ తాడు చుట్టి ముడేశాడు. పోతు అరవలేదు. ఆటోలో కట్టేటప్పుడు కూడా అట్లాగే కడతారు కాబట్టి ఊరు తీసుకుపోతారని అనుకుందేమో.

భీమమ్మ ముందుకాలి వెనక ఎముకల సందు వేలితో వెతికింది. ఇంకొకరి చేతిలో పెట్టలేదు కత్తిని. ఒక్కసారే దించింది. తర్వాత దాని మెడ మీద చెయ్యి వేసి, ఊపిరి ఆగేదాకా కదలకుండా కూర్చుంది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది. ఎవరికీ దాచుకోలేదు.

గుంతలోకి దొర్లించి సున్నం చల్లి పూడ్చేసరికి పొద్దెక్కింది. ఇంతకుముందు ఎప్పుడూ లేనంత నిశ్చయంగా ఉంది ఆమె. పోతు లేదు, ఇంక దాచడానికి ఏమీ లేదు. గద్వాల పోయి కురుమయ్య కాళ్లు పట్టుకుని, బండి ఆపించి, అతన్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చెబుతుంది. తొమ్మిదిళ్లలో రెండిళ్లయినా వింటాయి. కాళ్లూ చేతులూ కడుక్కుని, చీర మార్చుకోవడం కూడా మర్చిపోయి బస్సెక్కింది.

* * *

గద్వాల బయట, విత్తనపత్తి చేలకు ఆనుకుని ఉంటుంది కురుమయ్య దొడ్డి. భీమమ్మ ఆటో దిగేసరికి కర్నూలు బండి వెనక తలుపు తెరిచి ఉంది. పలక మీదుగా పందులను ఎక్కిస్తున్నారు. కురుమయ్య ఒక చేత్తో చెవి, ఇంకో చేత్తో తోక పట్టి, మోకాలితో నెమ్మదిగా తోస్తున్నాడు. అమ్మేసిన పందిని అంత జాగ్రత్తగా ఎవరూ ఎక్కించరు. దొడ్డిలో ఇంకొక్క పెద్దపందే మిగిలింది.

“ఆపు కురుమా! ఆపు!” ఆమె పరుగెత్తుకొచ్చింది. “ఇడువకు పందులను. రోగం నీది కాదు. నా పోతుది! మానస పరీక్ష చేసి చెప్పింది. నీది కాదు నాయనా, నాదే, మొత్తం నాదే!”

గుమ్మంలో ఈదమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చేతులు ఆగిపోయాయి. బండి మనిషి మాత్రం లెక్క అయిపోయిందని, బయానా తిరిగి తీసుకోనని, తొందరగా కానివ్వమని అరిచాడు. కురుమయ్య ఆఖరి పంది చెవి పట్టుకున్నాడు. పలక దాకా నడిపించాడు. అది మొరాయిస్తే వీపు తట్టాడు. లోపలికి ఎక్కాక తలుపు గొళ్లెం తానే వేశాడు. అంతా అయ్యాకే వదిన దగ్గరికి వచ్చాడు.

“నాకు ఎరుకే వదినా.”

“ఏం ఎరుక?”

“పోతుదే అని.”

 అతను ఆమెను దొడ్డి వెనక్కి తీసుకెళ్లాడు. గట్టు పక్కన మట్టి కొంచెం కుంగి, గడ్డి మొలిచిన చోటు చూపించాడు.

“మిరుగు తొలివానకు నా పెద్దపంది పన్నెండింటిని పారేసింది. ఈడనే పెట్టిన. అప్పటికి నేను రాయచూరు తొవ్వ గూడ తొక్కలే. దొడ్డి పాడుపడ్డట్టయిందని పదిదినాలకు పోయి ఆ నాలుగు పిల్లలను తెచ్చుకున్న. నీకు తెలిస్తే పరేషాన్ అయితవని రెండూ చెప్పలే. మొన్న పెబ్బేరుల అందరు తారీఖులు చెప్తుంటే వేళ్ల మీద లెక్కబెట్టుకున్న. నీ గోడ మీది గీతలు నాకు తెల్వనివా? పోతు పోయిన రెండు నెలలకు రాజోలి. మల్ల అయిజ. మల్ల కొల్లాపూర్. నాకు అప్పుడే సమజైంది.”

“మరి నోరేడ పెట్టుకున్నవ్ రా? అంతమంది ముందర నేను నిన్ను గన్ని మాటలంటుంటే, ఒక్క మాట! ఒక్క మాట అంటే ఏం పోతుండె?”

“నీ పోతు పోతుండె.” కురుమయ్య గొంతు మామూలుగానే ఉంది. “చెంబులు నీ మీద ఒంపుతుండిరి. పోతును ఆడనే కోసేస్తుండిరి. నాకేమైతది? ఈదమ్మ ఉన్నది, రెండు చేతులున్నయి. పత్తిచేన్ల పూల క్రాసింగు పని నడుస్తున్నది, ఇద్దరం పోతం. నీకేమున్నది వదినా? అన్న పోయినంక నీకు బువ్వ పెట్టింది పోతొక్కటే గద. ఈ యేడు దాటిచ్చి, జర దానికి నిమ్మళమైనంక మల్ల పంపుకుందువని చూసిన. వచ్చే వారం వచ్చి నీకు చెబ్దమనుకుంటి, కొన్నాళ్లు ఇంటికాడనే కట్టేసుకొమ్మని.”

అవతల బండి స్టార్టయింది. లోపల పందులు ఒక్కసారిగా అరిచాయి. ఈదమ్మ బియ్యం చేట పక్కన పెట్టి రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. కురుమయ్య బండి వైపు చూడలేదు. వదిన మొహంలోకి చూసి కొంచెం నవ్వాడు, చిన్నప్పుడు తప్పించుకోబోయి దొరికిపోయినప్పటి నవ్వు.

“అయిందేదో అయింది. ఏడువకు. పోతుకు పొద్దుగాల తవుడు పెట్టినవా? ఎవరికి అప్పజెప్పి వచ్చినవ్?”

భీమమ్మ చేతులు కొంగులో దాచుకుంది. కొంగు నిండా సున్నం ఉంది. పందులు పెంచే మనిషికి ఆ సున్నం ఎందుకో చెప్పనక్కర్లేదు. కురుమయ్య నవ్వు మెల్లగా పోయింది.

“పాతిపెట్టిన,” అంది ఆమె. “పొద్దుగాలనే. రామచంద్రయ్య మామ పోతును పంపుమన్నడు, పంపొద్దని నేనే... నీ తప్పు కాదని చెప్పేటందుకు వస్తుంటిని కురుమా. నీ కోసమే.”

అతను ఖాళీ తొట్టి అంచు మీద కూలబడ్డాడు. పంచాయతీలో అన్ని మాటలూ పడి కూడా కుంగని మనిషి రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. బండి చప్పుడు పత్తిచేల అవతలికి పోయి వినిపించకుండా పోయేదాకా అట్లాగే ఉన్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు.

“అట్లయితే పెబ్బేరుల నేనెందుకు ఊకున్న వదినా?”